చాచిన చేయి, చాచని చేయి

కుడిచేతిని మోచేయి వంచకుండా, అరచేయి నేలవైపు ఉండేలా ముందుకు చాచి చేసే వందనాన్ని పాశ్చాత్య దేశాల్లో ‘రోమన్ సెల్యూట్’ అని పిలవడం పరిపాటి. ఈనాడు జర్మనీలో నాజీ వందనంగా ఆ చేయి చాచినవారికి మూడేళ్ల వరకు జైలుశిక్షో జరిమానానో పడుతుంది. దానికి చాలా దగ్గరగా ఉండే తీరులోనే తెలుగు రాష్ట్రాల బడిపిల్లలు ఉదయం ప్రార్థన వేళ కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. అందులో ఎవరికీ దోషం కనిపించదు, కనిపించవలసిన పని కూడా లేదు. ఒకచోట నేరమైనది మరోచోట నిత్యకృత్యంగా ఎలా చెల్లుతోందన్న ప్రశ్నకు, సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందన్న సమాధానం సరిపోదు. ఆ సందర్భాన్ని సృష్టించేది ఏమిటో కూడా తేల్చవలసి ఉంటుంది. చిత్రకారుడి కుంచె నుంచి బడి ఆవరణకు, రంగస్థలానికి, వెండితెరకు, అక్కడి నుంచి నియంతల సభలకు, చివరకు శిక్షాస్మృతుల్లోకి ఈ వందనం చేరిన క్రమాన్ని పరిశీలిస్తే, దాని అర్థాన్ని చేయి చాచినవారి మనోభావం కంటే చేయి చాచనివారికి పట్టిన గతే ఎక్కువగా నిర్ణయించిందని తెలుస్తుంది.

పేరులో రోమ్ ఉన్నంత మాత్రాన ఈ వందనం ప్రాచీన రోమన్లదని నమ్మడానికి ఆధారాలు లేవు. ప్రాచీన చరిత్రను సినిమా ఎలా చూపిందన్న అంశంపై పరిశోధించిన మార్టిన్ వింక్లర్ 2009లో ప్రచురించిన గ్రంథంలో, లభ్యమైన రోమన్ రచనల్లో గానీ కళాఖండాల్లో గానీ ఇలాంటి వందనానికి దాఖలా లేదని సోదాహరణంగా చూపారు. రోమ్ నగరంలో క్రీ.శ. 113లో పూర్తయిన ట్రేజన్ విజయస్తంభంపై చక్రవర్తికి జేజేలు పలుకుతూ చేతులెత్తిన మనుషులు కనిపిస్తారు గానీ, వారి చేతులూ వేళ్లూ ఒక్కొక్కరివి ఒక్కో తీరున ఉంటాయి తప్ప అందరూ ఒకే విధంగా బిగించి చాచిన చేయి అక్కడ లేదు. చక్రవర్తుల విగ్రహాల్లో ముందుకు చాచి కనిపించే కుడిచేయి చాలా సందర్భాల్లో ‘అడ్లోకూషియో’కు, అంటే సేనాని తన సైన్యాన్ని ఉద్దేశించి ప్రసంగించేటప్పుడు పట్టే హస్తముద్రకు సంబంధించినది. అది పాలకుడు జనం వైపు చాచిన చేయి. జనం పాలకుడి వైపు చాచే చేయి ఆధునిక యుగపు కల్పన, ఆ తేడా చిన్నది కాదు.

ఆ కల్పనకు రూపం ఇచ్చినవాడు ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ డేవిడ్. ఆయన 1784లో చిత్రించిన ‘హొరాటీ సోదరుల ప్రమాణం’ ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రోమ్‌కూ పొరుగున ఉన్న ఆల్బా నగరానికీ మధ్య తగాదాను తేల్చేందుకు ముగ్గురు అన్నదమ్ములు ద్వంద్వయుద్ధానికి బయలుదేరే ముందు, తండ్రి మూడు కత్తులు పట్టుకుని నిలబడగా, వారు వాటివైపు చేతులు చాచి ప్రమాణం చేస్తున్న దృశ్యం అది. ముగ్గురి చేతులూ ఒకదానికంటే ఒకటి కాస్త ఎత్తుగా లేస్తూ ఒకే ఊపులో సాగినట్లు కనిపిస్తాయి. పరికించి చూస్తే మాత్రం ముందున్నవాడు కుడిచేయి చాచగా, వెనుక ఉన్న ఇద్దరూ ఎడమచేయి చాచారని తెలుస్తుంది. చిత్రంలో కుడిపక్కన స్త్రీలు దుఃఖభారంతో ఒరిగిపోయి కూర్చుంటారు, వారిలో ఒకామెకు శత్రుపక్షంలోని యువకుడితోనే పెళ్లి నిశ్చయమై ఉంది. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథలో ఈ ప్రమాణ ఘట్టం లేదు, అది డేవిడ్ ఊహలోంచి పుట్టింది. ఫ్రెంచి విప్లవం తొలిరోజుల్లో, 1789 జూన్ 20న, ప్రజాప్రతినిధులు టెన్నిస్ మైదానంలో చేరి రాజ్యాంగం వచ్చేదాకా విడిపోబోమని చేసిన ప్రమాణాన్ని డేవిడ్ బొమ్మగా గీసినప్పుడు కూడా అవే చేతులు లేచాయి. ఆ దశలో ఈ భంగిమ రాజుకు కాక ఆశయానికి కట్టుబడడానికి గుర్తు. తర్వాత నెపోలియన్‌కు సైనికులు విధేయత ప్రకటించే దృశ్యాన్ని ఆ చిత్రకారుడే 1810లో చిత్రించగా, ఆశయం వైపు చాచిన చేయి ఒక వ్యక్తి వైపు తిరిగింది. తర్వాత జరగబోయేదానికి ఆ మలుపులోనే సూచన ఉంది.

ఈ భంగిమ పసిపిల్లల దినచర్యలో భాగమైంది యూరప్‌లో కాదు, అమెరికాలో. కొలంబస్ ఆ ఖండానికి చేరి నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1892 సెప్టెంబర్‌లో బోస్టన్‌కు చెందిన ‘యూత్స్ కంపానియన్’ పత్రిక బడిపిల్లల కోసం ఒక విధేయతా ప్రతిజ్ఞను ప్రచురించింది. దాన్ని రాసినవాడు ఫ్రాన్సిస్ బెల్లమీ అనే మతబోధకుడు, సామ్యవాద భావాలున్న క్రైస్తవుడు. వెనుక ఉండి నడిపించినవాడు ఆ పత్రికలోనే పనిచేసే జేమ్స్ అప్హమ్, బడులకు జెండాలు అమ్మే కార్యక్రమం ఆయన చేతిమీదుగానే సాగేది. పిల్లలు మొదట సైనిక వందనం చేసి, జెండా ప్రస్తావన రాగానే కుడిచేతిని అరచేయి పైకి ఉండేలా జెండా వైపు చాచాలని పత్రిక సూచించింది. కాలక్రమంలో చాలా బడుల్లో అరచేయి కిందికి తిరిగింది. అంతర్యుద్ధపు గాయాలు పూర్తిగా మానని దేశంలో, లక్షలాదిగా వలస వస్తున్న కుటుంబాల పిల్లలను ఒక్క జెండా కింద నిలపాలన్న తపన ఆ ప్రతిజ్ఞ వెనుక ఉంది. ఆ తపనను శంకించనక్కరలేదు.

ఇటలీకి ఇది నాటకం, సినిమా దారిన చేరింది. అమెరికాలో 1899లో రంగస్థలానికెక్కిన ‘బెన్‌హర్’ నాటకంలోనూ, ఇటలీలో 1914లో జొవాన్ని పాస్ట్రోనె తీసిన ‘కబీరియా’ మూకీ చిత్రంలోనూ ప్రాచీన పాత్రలు చేయి చాచి పలకరించుకుంటాయి. ‘కబీరియా’కు తెరమీది వాక్యాలు సమకూర్చిన కవి గాబ్రియేలె దనున్జియో 1919 సెప్టెంబర్‌లో సాయుధ అనుచరులతో వెళ్లి ఏడ్రియాటిక్ తీరంలోని ఫియూమె పట్టణాన్ని (నేటి క్రొయేషియాలోని రియెకా) ఆక్రమించి, ఏడాదికి పైగా తన ఏలుబడిలో ఉంచుకున్నాడు. మేడ మీద నుంచి నాయకుడి ఉపన్యాసం, కింద నల్లచొక్కాల గుంపు, ప్రశ్నకు ఒక్క గొంతుతో జవాబు, చాచిన చేతులు, ఇవన్నీ అక్కడ రూపుదిద్దుకున్నాయి, ముస్సోలినీ వాటిని యథాతథంగా ఎత్తుకున్నాడు. 1922 అక్టోబర్‌లో ఫాసిస్టులు అధికారంలోకి వచ్చాక ఈ వందనం మొదట బడుల్లోకి, తర్వాత ప్రభుత్వ కార్యాలయాల్లోకి ప్రవేశించింది. 1930లలో పార్టీ కార్యదర్శి అకిల్లె స్టారాచే కరచాలనాన్ని బూర్జువా బలహీనతగా నిందించి, దాని స్థానంలో చేయి చాచడాన్నే అలవాటు చేయాలని పట్టుబట్టాడు. ఇద్దరు మనుషులు ఎదురుపడినప్పుడు సమానంగా చేతులు కలపడం కూడా ప్రభుత్వానికి నచ్చని పని అయిందన్నమాట.

జర్మనీలో నాజీలు 1926 నాటికి దీన్ని పార్టీలో తప్పనిసరి చేశారు. ఇటలీ నుంచి అరువు తెచ్చుకున్నారన్న విమర్శ సొంత పార్టీలోనే వినిపించడంతో, రుడాల్ఫ్ హెస్ వంటి నాయకులు అది తమదేనని సమర్థించుకోవలసి వచ్చింది. 1933 జూలై 13న హోంమంత్రి విల్‌హెల్మ్ ఫ్రిక్ ప్రభుత్వోద్యోగులందరూ ఈ వందనం చేయాలని ఉత్తర్వు ఇచ్చాడు, ఆ మర్నాడే నాజీ పార్టీ తప్ప మిగతా పార్టీలన్నీ నిషేధానికి గురయ్యాయి. జాతీయగీతం పాడేటప్పుడు అందరూ చేయి చాచాలనీ, ఉద్దేశపూర్వకంగా వ్యతిరేకిస్తున్నారన్న అనుమానం రాకూడదనుకునేవారు తప్పక చేయాలనీ ఆదేశాలు వెలువడ్డాయి. శారీరక లోపం వల్ల కుడిచేయి ఎత్తలేనివారు ఎడమచేయి ఎత్తాలని మరో ఉత్తర్వు వివరించింది. అవిటితనానికి సైతం మినహాయింపు ఇవ్వకుండా ప్రత్యామ్నాయం చూపించిన ఆ ఒక్క నిబంధనలో ఆ రాజ్యం స్వభావం ఎంత స్పష్టంగా ఉందో మరెక్కడా అంత స్పష్టంగా లేదు. అలాగని ఇది కేవలం భయం మీద నడిచిన తంతు కాదు. ఉపాధ్యాయుడు తరగతిలో అడుగుపెట్టగానే, పోస్ట్‌మన్ తలుపు తట్టగానే, దుకాణదారు కొనుగోలుదారును చూడగానే, ఉత్తరం చివర సంతకానికి ముందు, అన్నిచోట్లా హిట్లర్ అన్న ఒకే పేరు, ఒకే చేయి. అంతకుముందు ‘శుభోదయం’ అనో ‘దేవుడు చల్లగా చూడాలి’ అనో పలకరించుకున్న ఇరుగుపొరుగు మధ్యకు మూడో మనిషి వచ్చి కూర్చున్నాడు. పలకరింపే విధేయతకు పరీక్ష అయినప్పుడు ప్రతి పరిచయస్తుడూ పరీక్షాధికారే. సైన్యం మాత్రం చాలాకాలం తన సంప్రదాయ వందనాన్ని కాపాడుకుంది. 1944 జూలై 20న హిట్లర్‌పై హత్యాయత్నం విఫలమయ్యాక, నాలుగు రోజులకే ఆ వెసులుబాటు కూడా పోయింది.

చేయి చాచనివారు ఆ దేశంలోనూ ఉన్నారు. 1936 జూన్ 13న హాంబర్గ్‌లోని బ్లోమ్ ఉండ్ ఫాస్ ఓడల కర్మాగారంలో హిట్లర్ సమక్షంలో ‘హార్స్ట్ వెస్సెల్’ అనే శిక్షణ నౌకను జలప్రవేశం చేయించినప్పుడు తీసిన ఫొటోలో, చేతులెత్తిన కార్మికుల మధ్య ఒక్కడు రెండు చేతులూ గుండెలకు అడ్డంగా కట్టుకుని, మొహం కాస్త చిట్లించుకుని నిలబడి ఉంటాడు. అతడెవరన్నది నేటికీ వివాదంగానే ఉంది, రెండు కుటుంబాలు తమవాడేనని చెబుతున్నాయి. (ఆ నౌక యుద్ధానంతరం అమెరికా చేతికి వచ్చి ‘ఈగిల్’ అన్న పేరుతో తీరరక్షక దళానికి శిక్షణ నౌకగా ఇప్పటికీ నడుస్తోంది.) ప్రొటెస్టెంట్ బోధకుడు పాల్ ష్నైడర్ బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో నాజీ జెండాకు టోపీ తీసి గౌరవం చూపడానికి నిరాకరించి చిత్రహింసలు అనుభవించి 1939లో మరణించాడు. ఒక సమూహంగా నిరాకరించినవారు యెహోవా సాక్షులు. దేవునికి తప్ప మరే మనిషికీ, చిహ్నానికీ వందనం చేయరాదని విశ్వసించే ఈ చిన్న క్రైస్తవ శాఖ వారిని ప్రభుత్వం 1933 నుంచే నిషేధించి, ఉద్యోగాల నుంచి తొలగించి, కొందరి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, వేలమందిని శిబిరాల్లోకి నెట్టింది. అక్కడ వారి దుస్తులపై ఊదారంగు త్రికోణం గుర్తుగా ఉండేది. వారిలో వందలమంది తిరిగి రాలేదు.

బయటి దేశాలవారు ఈ తంతులో పాలుపంచుకున్న తీరు కూడా తెలుసుకోదగ్గది. 1938 మే 14న బెర్లిన్‌లో జర్మనీతో ఆడిన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు, తమ దేశపు రాయబార కార్యాలయం ఒత్తిడి మీద ఆట మొదలయ్యే ముందు వరుసగా నిలబడి నాజీ వందనం చేసి, ఆ పోటీలో 6-3 తేడాతో గెలిచింది. గోల్స్ సంఖ్య ఎవరికీ గుర్తులేదు, ఫొటో మాత్రం మిగిలింది.

అమెరికాలో ఈ వందనం చరిత్ర జర్మన్ చరిత్రతో ముడిపడింది ఆ యెహోవా సాక్షుల ద్వారానే. జర్మనీలోని తమవారికి జరుగుతున్నది చూసిన ఆ శాఖ నాయకుడు 1935లో, జెండాకు చేయి చాచడం కూడా అలాంటిదేనని ప్రకటించడంతో, అమెరికన్ బడుల్లో వారి పిల్లలు చేయి చాచడం మానేశారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మైనర్స్‌విల్ పట్టణంలో ఒక అక్కాతమ్ముళ్లను బడి నుంచి వెళ్లగొట్టారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరగా 1940 జూన్‌లో ఎనిమిదిమంది న్యాయమూర్తులు బడి పక్షాన, ఒక్కరు పిల్లల పక్షాన నిలిచారు. జాతీయ సమైక్యతే జాతీయ భద్రతకు పునాది అన్నది అధికసంఖ్యాకుల వాదం. తీర్పు వెలువడిన కొద్ది రోజుల్లోనే అనేక రాష్ట్రాల్లో ఆ మతస్థులపై మూకదాడులు జరిగాయి, మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వారి ప్రార్థనామందిరాన్ని తగలబెట్టారు. ఒకవైపు హిట్లర్‌ను నిందిస్తూ, మరోవైపు చేయి చాచని పసివాళ్లను వెలివేసిన సమాజం తనను తాను చూసుకోవలసిన సమయం అది.

1942 జనవరిలో వెస్ట్ వర్జీనియా విద్యామండలి వందనాన్ని తప్పనిసరి చేస్తూ తీర్మానించింది. చేయి చాచని పిల్లవాడిని అవిధేయుడిగా పరిగణించి బడి నుంచి బహిష్కరించవచ్చు; బహిష్కరించాక బడికి రానందుకు ఆ పిల్లవాడే దోషి అవుతాడు, తల్లిదండ్రులకు యాభై డాలర్ల వరకు జరిమానా, ముప్పై రోజుల వరకు జైలు పడవచ్చు. ఈ భంగిమ హిట్లర్ వందనాన్ని పోలి ఉందంటూ ఉపాధ్యాయ-తల్లిదండ్రుల సంఘం, స్కౌట్లు, రెడ్‌క్రాస్ వంటి సంస్థలు అభ్యంతరం చెప్పిన సంగతి తర్వాతి కోర్టు తీర్పులోనే నమోదై ఉంది. వారి మాట మన్నించి భంగిమలో కాస్త సవరణ చేసిన మండలి, యెహోవా సాక్షుల మనస్సాక్షికి మాత్రం ఎలాంటి మినహాయింపూ ఇవ్వలేదు. ఆకారాన్ని మార్చడం తేలిక, నిర్బంధాన్ని వదులుకోవడమే కష్టం. అదే ఏడాది డిసెంబర్ 22న అమెరికన్ కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, చాచిన చేయికి బదులు గుండెమీద చేయి ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టింది. అసలు సమస్యను మాత్రం 1943 జూన్ 14న, జెండా దినం నాడే, సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో పరిష్కరించింది. బార్నెట్ కేసుగా ప్రసిద్ధికెక్కిన ఆ తీర్పును రాసిన జస్టిస్ రాబర్ట్ జాక్సన్, రాజకీయాల్లో గానీ దేశభక్తిలో గానీ మతంలో గానీ ఏది సరైన అభిప్రాయమో నిర్దేశించే అధికారం ఏ అధికారికీ లేదనీ, ఆ అభిప్రాయాన్ని మాటతోనో చేతతోనో ప్రకటించమని పౌరుణ్ణి నిర్బంధించరాదనీ తేల్చిచెప్పారు. మూడేళ్ల కిందట వ్యతిరేకంగా తీర్పిచ్చిన న్యాయమూర్తుల్లో ముగ్గురు ఈసారి అభిప్రాయం మార్చుకున్నారు. దేశం యుద్ధంలో మునిగి ఉన్న రోజుల్లో వెలువడిన తీర్పు ఇదని గమనించాలి. యుద్ధం ముగిశాక నాజీ నాయకులపై న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణలో అమెరికా తరఫున ప్రధాన ప్రాసిక్యూటర్‌గా నిలిచినది కూడా ఆ జాక్సనే.

యుద్ధానంతర ఐరోపాలో ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. జర్మన్ శిక్షాస్మృతిలోని 86-ఎ సెక్షన్ రాజ్యాంగ వ్యతిరేక సంస్థల చిహ్నాలను, నినాదాలను, వందనాలను నిషేధిస్తూనే కళ, పరిశోధన, బోధన, వార్తాకథనం వంటి అవసరాలకు మినహాయింపు ఇస్తుంది. 2017 ఆగస్టులో బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం ముందు సరదాగా ఆ వందనం చేస్తూ ఫొటోలు తీసుకున్న ఇద్దరు చైనా పర్యాటకులను పోలీసులు అదుపులోకి తీసుకుని, పూచీకత్తు సొమ్ము కట్టించుకుని వదిలారు. చదువుల కోసం ఆ దేశానికి వెళ్తున్న తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోదగిన ఉదంతం ఇది. ఇటలీ దారి వేరు. అక్కడ 1952, 1993 చట్టాలున్నా వాటి అన్వయంలో ఏళ్ల తరబడి సందిగ్ధం నడిచింది. 2024 జనవరిలో అత్యున్నత న్యాయస్థానం, ఫాసిస్టు పార్టీ పునరుద్ధరణకు దారితీసే వాస్తవ ప్రమాదం ఉన్నప్పుడు సంస్మరణ సభల్లో చేసే ఈ వందనం నేరమవుతుందని చెప్పింది. జర్మనీ చిహ్నాన్నే దోషిగా చూస్తుంటే, ఇటలీ చిహ్నం వెనుక ఉన్న ముప్పును తూకం వేస్తోంది. మారణకాండను ఎదుర్కొన్న సమాజాల విషయంలో జర్మన్ పద్ధతే సబబు, ఎందుకంటే అక్కడ ఆ చేయి ఎవరి ప్రాణాలు తీసిందో, వారి వారసులు ఆ వీధుల్లోనే బతుకుతున్నారు.

2025 జనవరి 20న వాషింగ్టన్‌లో ట్రంప్ ప్రమాణస్వీకారానంతర సభలో ఇలాన్ మస్క్ గుండెమీద చేయి వేసుకుని ఆపై ముందుకు విసిరినట్లు రెండుసార్లు చాచినప్పుడు చెలరేగిన వివాదం కూడా ఈ నేపథ్యంలో చూడవలసినదే. ఆయన ఆరోపణను కొట్టిపారేశారు. యూదుల హక్కుల కోసం పనిచేసే అమెరికన్ సంస్థ ఒకటి అది ఉద్వేగంలో చేసిన పొరపాటు భంగిమ అని చెప్పగా, ఫాసిజంపై పరిశోధించే చరిత్రకారుల్లో కొందరు అది నాజీ వందనమేనన్నారు. మనసులో ఏముందో బయటివారెవరూ రుజువు చేయలేరు. అయితే నవనాజీ బృందాలు ఆ దృశ్యాన్ని చూసి సంబరపడిన సంగతి రుజువైన విషయం. లక్షలమంది చూస్తుండగా మాట్లాడే వ్యక్తికి తన చేయి ఎలా కనిపిస్తుందో తెలుసుకునే బాధ్యత ఉంటుంది, అనుకోకుండా జరిగితే వెంటనే సూటిగా చెప్పే బాధ్యత అంతకంటే ఎక్కువ.

భారతీయ విద్యాలయాల్లో వినిపించే జాతీయ ప్రతిజ్ఞకు రచయిత తెలుగువారు. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్న కాలంలో, చైనాతో యుద్ధం జరిగిన 1962లో, తెలుగులో రాసిన ఆ ప్రతిజ్ఞ తెన్నేటి విశ్వనాథం చొరవతో అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు దృష్టికి వెళ్లి, 1963లో విశాఖ బడుల్లో మొదలై, 1965 జనవరి 26 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఆ వేళ పిల్లలు కుడిచేయి ముందుకు చాచడం ఆనవాయితీ. ఆ భంగిమకు ఐరోపా నెత్తుటి జ్ఞాపకం అంటలేదు, ఎందుకంటే ఇక్కడ ఆ చేయి ఏ నాయకుడి పేరునూ పలకలేదు, దేశం పేరు, తోటి పౌరుల పేరు పలికింది. కనుక దాన్ని ఐరోపా కొలబద్దతో కొలిచి తప్పుపట్టడం అన్యాయం.

ఐరోపా చరిత్ర ఇక్కడికి పనికొచ్చేది మరో విధంగా. 1985 జూలైలో కేరళలోని ఒక బడి నుంచి ముగ్గురు అన్నాచెల్లెళ్లను వెళ్లగొట్టారు. యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ఆ పిల్లలు జాతీయగీతం ఆలపించేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు గానీ గొంతు కలిపేవారు కాదు. వారు క్రమశిక్షణ గలవారేనని విచారణ సంఘం తేల్చినా బహిష్కరణ ఆగలేదు, హైకోర్టులో ఊరట దొరకలేదు. హిట్లర్ జర్మనీలోనూ వెస్ట్ వర్జీనియాలోనూ ఎదురైన ప్రశ్నే, అదే విశ్వాసం గలవారి పిల్లల రూపంలో భారత సుప్రీంకోర్టు గుమ్మం తొక్కింది. 1986 ఆగస్టు 11న తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి అనంతపురం జిల్లా గుత్తిలో జన్మించినవారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. అమెరికన్ తీర్పులు రెండింటినీ పరిశీలించి, జాతీయగీతం పాడి తీరాలని ఏ చట్టమూ నిర్బంధించడం లేదనీ, గౌరవంతో నిలబడినవారు అవమానించినట్లు కాదనీ, బహిష్కరణ రాజ్యాంగంలోని 19(1)(ఎ), 25(1) అధికరణాల కింద వారికి ఉన్న హక్కులకు భంగమనీ ఆయన నిర్ధారించి, పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమని ఆదేశించారు. సహనం ఈ దేశపు సంప్రదాయంలోనూ తాత్వికతలోనూ రాజ్యాంగంలోనూ ఉందని, దాన్ని పలచన చేయవద్దని ఆ తీర్పు ముగింపులో కోరారు. సినిమాహాళ్లలో జాతీయగీతం తప్పనిసరి చేస్తూ 2016 నవంబర్‌లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును సుప్రీంకోర్టే 2018 జనవరి 9న సవరించి ఐచ్ఛికం చేసింది.

1986 నాటి తీర్పు నేటికీ చెల్లుబాటులో ఉంది. అది జాతీయగీతం గురించి చెప్పినదైనా, అందులోని సూత్రం ప్రతిజ్ఞకు వర్తించకపోవడానికి కారణం కనిపించదు. మతవిశ్వాసం వల్లనో, మరే మనస్సాక్షి వల్లనో ప్రతిజ్ఞ వేళ చేయి చాచకుండా మర్యాదగా నిలబడిన విద్యార్థి ఎదురైతే, తెలుగు రాష్ట్రాల ప్రధానోపాధ్యాయులు బహిష్కరణ కాగితం మీద సంతకం పెట్టే ముందు గుత్తివాసి రాసిన ఆ తీర్పును ఒకసారి తెప్పించుకుని చదవాలి.